'వృత్తి' అనే గడి వెనక చరిత్ర

మా వీధి కుర్రవాడొకడు మోటారుసైకిలు మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేస్తాడు. ఆ మధ్య అతని కోసం నేనొక బీమా దరఖాస్తు నింపవలసి వచ్చింది. 'వృత్తి' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. ఉద్యోగి అందామంటే నియామక పత్రం లేదు. వ్యాపారి అందామంటే ధర నిర్ణయించే హక్కు లేదు. "కంపెనీవాళ్లు పార్ట్‌నర్ అంటారు మాస్టారూ" అన్నాడతను. ఆ మాటకు చరిత్ర వుంది. రచయితలం గనక మనం దాన్ని తెలుసుకోవాలి.

ఎవరిని బీమాలోకి తీసుకోవాలి, ఎంత ప్రీమియం వసూలు చేయాలి అని కంపెనీ తూచే పనిని అండర్‌రైటింగ్ అంటారు. అది వట్టి లెక్కల శాస్త్రమని చెబుతారు. వాస్తవం అంత అమాయకమైనది కాదు. 1818లో కలకత్తాలో వెలిసిన ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ యూరోపియన్ల కోసం పుట్టింది. తర్వాత భారతీయులకు బీమా యిచ్చినప్పుడు కూడా విదేశీ కంపెనీలు వారి ప్రాణాలను నాసిరకంగా జమకట్టి అదనపు ప్రీమియం గుంజాయి. 1870-71లో బొంబాయి మ్యూచువల్ సంస్థ మామూలు రేటుకే భారతీయులకు బీమా యిచ్చింది. మనుషులు వాళ్లే. మారింది వాళ్లను చూసే చూపు.

రెండవ ఘట్టం 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. పనివల్ల, పనిలో వుండగా జరిగిన ప్రమాదానికి పరిహారం యజమాని చెల్లించాలి. యజమాని తప్పు చేశాడని కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. ఆ బరువు దించుకోవడానికి యజమాని బీమా కొనుక్కోవచ్చు. అప్పుడు అండర్‌రైటరు పని స్వభావాన్నీ, యజమాని చెల్లించే మొత్తం వేతనాలనూ చూసి ప్రీమియం కడతాడు. అంటే కార్మికుడి కాలు విరగడం ఉత్పత్తి ఖర్చులో చేరింది.

'పార్ట్‌నర్' అన్న మాట యీ లెక్కను తలకిందులు చేసింది. యజమాని లేడు గనక వేతనాల పట్టీ లేదు. అండర్‌రైటరు ముందు మిగిలింది హెచ్చుతగ్గుల రాబడి గల ఒంటరి మనిషి. జీతం చీటీ చూపలేడు గనక పెద్ద మొత్తానికి జీవిత బీమా దొరకడం కష్టం. సొంత వాడకానికని తీసుకున్న బండి పాలసీ, కిరాయికి సరుకు మోస్తే చెల్లదనే షరతు పెడుతుంది. సంస్థ సామూహిక ప్రమాద బీమా తీసుకున్నా, ఖాతా మూసేసిన రోజున ఆ నీడా పోతుంది. జీతం దగ్గర అతను ఉద్యోగి కాడు, బండి దగ్గర మాత్రం వ్యాపారి!

కార్మికుల ఆందోళనల ఫలితంగా కొంత కదలిక వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుణ్ణి పేరుపెట్టి గుర్తించింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి చెల్లించాలన్నది. ఇది విజయమే. కాని అదే నిర్వచనం అతణ్ణి 'సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల' నిలబెట్టింది. 1923లో పరిహారం యజమాని బాధ్యత; ఇక్కడ అది సంక్షేమ నిధికి చందా. ఈ తేడాను కప్పిపుచ్చి చప్పట్లు కొట్టలేం.

పాత్రకు పేరు పెట్టేటప్పుడు మనం ఎంతో ఆలోచిస్తాం. అతని పనికి పెట్టే పేరు దగ్గర కంపెనీ మాటను అరువు తెచ్చుకోవడమేమిటి? ఆ గడిలో నేను 'డెలివరీ కార్మికుడు' అని రాశాను. "ప్రీమియం పెరుగుతుందేమో మాస్టారూ" అన్నాడు కుర్రవాడు. అతని భయం నిజమైనదే. ఆ పెరిగిన ప్రీమియం ఎవరు కట్టాలన్నదే ప్రశ్న.