కూడుకా, గుడ్డకా? ఒక దుంప కథ

ఈ రోజు ఎపిసోడ్ మా అమ్మమ్మ చీరతో మొదలుపెడతాను.

అమ్మమ్మ నేత చీర ఉతికిన ప్రతిసారీ గుప్పెడు సగ్గుబియ్యం ఉడకబెట్టేది. ఆ జావ వడగట్టి, నీళ్లు కలిపి, అందులో చీర ముంచి ఆరేసేది. ఆరాక చీర అట్టలా నిలబడేది. "అమ్మమ్మా, పాయసం చేసుకునేదాన్ని చీరకి పెడతావేంటి?" అని అడిగేవాణ్ణి. "పాయసం ఒక్క పూటే కదరా, చీర నాలుగు రోజులు కట్టుకోవాలి" అనేది.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. కానీ సరిగ్గా ఇదే ప్రశ్న 1944లో ఒక జిల్లా కలెక్టర్ ముందుకి వచ్చింది. తినే దుంపని తినడానికే ఉంచాలా, వేరే పనికి వాడనివ్వాలా? ఈ రోజు కథ అదే.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. సగ్గుబియ్యం బియ్యం కాదు, గింజా కాదు. అసలు 'సాగో' అనేది మలయా, ఇండోనేషియా వైపు పెరిగే ఒక తాటిజాతి చెట్టు కాండంలోంచి తీసే పిండి. మన దగ్గర దొరికేది మాత్రం కర్రపెండలం దుంప నుంచి వస్తుంది. ఈ మొక్క సొంతూరు దక్షిణ అమెరికా. పోర్చుగీసువాళ్లు దాన్ని మలబారు తీరానికి తెచ్చారు. 1880 నుంచి 1885 దాకా తిరువాన్కూరును పాలించిన విశాఖం తిరునాళ్ మహారాజు ఈ పంటని బాగా ప్రోత్సహించాడు. బియ్యం చాలని పేదవాడికి అది కడుపు నింపే తిండి అయింది.

మరి తిండిగా వచ్చిన దుంప ఫ్యాక్టరీకి ఎలా వెళ్లింది? దీనికి మగ్గం గురించి కొంచెం తెలియాలి.

బట్ట నేసేటప్పుడు పడుగు దారాలు అచ్చులో రాసుకుంటూనే ఉంటాయి. ఉత్త దారమైతే నూగు లేచి తెగిపోతుంది. అందుకే నేతకి ముందు పడుగుకి గంజి పెడతారు. చేనేతవాళ్లు ఇంట్లో కాచుకున్న గంజి పెడితే, మిల్లులకి బస్తాల కొద్దీ స్టార్చ్ కావాలి. అప్పట్లో ఆ స్టార్చ్‌లో చాలా భాగం విదేశాల నుంచి ఓడల్లో వచ్చేది.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్, జావా జపాన్ చేతిలో పడ్డాయి. ఒకే దెబ్బకి రెండు ఆగిపోయాయి. బర్మా బియ్యం ఆగింది, తూర్పు నుంచి వచ్చే స్టార్చూ సగ్గుబియ్యమూ ఆగాయి. ఇంకోవైపు సైన్యానికి బట్ట కావాలి, జనానికీ బట్ట దొరకడం లేదు. 1943లో ప్రభుత్వం బట్ట మీద, నూలు మీద కంట్రోల్ పెట్టాల్సి వచ్చింది. అంటే కూడుకీ కరువే, గుడ్డకీ కరువే.

ఇక్కడ తమిళనాడులోని సేలం వస్తుంది. మాణిక్యం చెట్టియార్ అనే వ్యాపారి ఎండు చేపల వ్యాపారం మీద కేరళ వెళ్తుండేవాడు. అక్కడ పెనాంగ్ నుంచి వచ్చిన పోపట్‌లాల్ షా పరిచయమయ్యాడు. ఆయనకి కర్రపెండలం నుంచి స్టార్చ్ తీసే పద్ధతి తెలుసు. అలా 1943లో సేలంలో కుటీర పరిశ్రమగా పని మొదలైంది.

పద్ధతి సింపుల్. దుంప తొక్క తీసి, తురిమి, నీళ్లు పోసి పిండాలి. ఆ పాలని వడకట్టి తొట్టిలో వదిలేస్తే పిండి అడుక్కి చేరుతుంది. దాన్ని ఎండబెడితే స్టార్చ్. తడి మీద పూసల్లా చేసి వేయిస్తే సగ్గుబియ్యం.

కానీ అది ఏ సంవత్సరం? బెంగాల్ కరువు సంవత్సరం. లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఇక్కడ దక్షిణాదిలోనూ తిండి గింజలకి కటకటే. 1944లో సేలం కలెక్టర్ ఒక ఆర్డర్ ఇచ్చాడు. కర్రపెండలం ఆహారం, దానితో సగ్గుబియ్యం చెయ్యకూడదు, జిల్లా దాటించకూడదు అని. తయారీదారులు ఊరుకోలేదు. సంఘం పెట్టుకుని సివిల్ సప్లైస్ కమిషనర్ దాకా వెళ్లి ఆ ఆర్డర్ ఎత్తివేయించుకున్నారు.

ఎవరిది రైట్ అంటారు? నాకైతే ఇద్దరిదీ అనిపిస్తుంది. ఆకలి రోజుల్లో దుంపని మిల్లుకి పంపడం తప్పులా కనిపిస్తుంది. కానీ ఈ దుంప తవ్విన రెండు మూడు రోజుల్లోనే పాడవడం మొదలవుతుంది, బియ్యంలా గాదెలో దాచలేం. పిండి చేస్తే నెలల తరబడి నిలుస్తుంది, కొందరికి కూలి దొరుకుతుంది. ఒక్కటి మాత్రం గమనించండి. తయారీదారులకి సంఘం ఉంది. దుంప తిని బతికేవాడికి సంఘం లేదు. పండించేవాడికీ లేదు.

ఆ తేడా తర్వాత కూడా పోలేదు. 1981లో సేలంలో 'సాగోసర్వ్' అనే సహకార సంఘం వచ్చింది. దళారుల చేతిలో నలిగిపోకుండా సరుకు వేలం, గోడౌన్, అప్పు అన్నీ చూస్తుంది. మంచి పనే. కానీ అది తయారీదారుల సంఘం, రైతులది కాదు.

మన దగ్గరా ఇదే. గోదావరి జిల్లాల మెట్టలో, పెద్దాపురం, సామర్లకోట వైపు వెళ్తే సగ్గుబియ్యం ఫ్యాక్టరీలు, కళ్లాల్లో తెల్లగా ఆరబోసిన పిండి కనిపిస్తాయి. రైతు దుంప తవ్వాక రేటు నచ్చలేదని ఆగలేడు. ఆగితే సరుకు పాడవుతుంది. బేరంలో బలం ఎప్పుడూ ఫ్యాక్టరీదే. కారణం ఆ రెండు మూడు రోజులే.

ఇక ఈ పిండి ఎక్కడెక్కడ ఉందో చూడండి. బట్టల గంజిలో, కాగితంలో, జిగురులో. మీరు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వచ్చే అట్టపెట్టె ఉంది కదా, లోపల అలలు అలలుగా ఉండే పొరని అంటించేది స్టార్చ్ జిగురే. ఎక్కువగా మొక్కజొన్నది, కర్రపెండలానిదైనా పనికొస్తుంది. తిరువనంతపురంలో 1963లో పెట్టిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇలాంటి వాడకాల మీద కూడా పని చేస్తోంది.

లేటెస్ట్ మాట, పెట్రోలు. 2018 జాతీయ జీవ ఇంధన విధానంలో ఇథనాల్ తయారీకి వాడదగ్గ వాటిలో కర్రపెండలం పేరూ ఉంది. అంటే అప్పుడు కూడుకా, గుడ్డకా అన్నది, ఇప్పుడు కూడుకా, బండికా అయింది.

నేను వద్దు అనడం లేదు. కొత్త కొనుగోలుదారు వస్తే రైతుకి మంచిదే. కానీ 1944లో అడగని ప్రశ్న ఈసారైనా ముందే అడగాలి. రేటు ఎవరు కడతారు? ఆ గదిలో పండించినవాడికి కుర్చీ ఉందా?

మీ ఊళ్లో కర్రపెండలం వేస్తారా? రేటు ఎలా కడతారో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. ఈసారి గంజి పెట్టిన చీర చూసినప్పుడు ఆ దుంప తవ్విన చేతిని కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.