కారం చీజ్ బిస్కెట్లు

మైదా, వెన్న, తురిమిన చీజ్ కలిపి, నూనెలో వేయించకుండా పొడి సెగ మీద కాల్చే ఉప్పు చిరుతిండిని కారం చీజ్ బిస్కెట్లు అంటారు. ఇంగ్లండులో వీటిని చెడ్డార్ చీజ్‌తో సన్నని కాడల్లా చేస్తారు. కృష్ణా డెల్టాలో జంతికలూ చెగోడీలూ చేయడం వచ్చినవారికి ఇది కష్టమైన పని కాదు.

నిఘంటువుల్లో చీజ్‌కు జున్ను అనే అర్థం కనిపిస్తుంది. డెల్టాలో జున్ను అంటే ఈనిన గేదె తొలి పాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించే తీపి. దానితో ఈ బిస్కెట్లు కావు. పనీరూ కుదరదు. నిమ్మరసంతో విరగ్గొట్టిన పాల ముద్ద వేడికి కరగదు, ఆకారం మారకుండా ఎర్రబడుతుంది. రెన్నెట్ అనే ఎంజైముతో తోడుపెట్టిన చీజ్ అయితే కరిగి పిండిలో కలిసిపోతుంది. గేదె పాల కొవ్వులో పసుపు వర్ణం ఉండదు కాబట్టి ఆ పాల చీజ్ తెల్లగా ఉంటుంది. చీజ్‌కు పసుపు రంగు తేవడానికి చాలాచోట్ల జాఫ్రా గింజల రంగు కలుపుతారు.

ఈ బిస్కెట్లకు ప్రాణం గుల్లదనం. జంతికల పిండిలో వెన్న గానీ కాచిన నూనె గానీ పోయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇక్కడ పనిచేసేదీ అదే సూత్రం. మైదాకు నీళ్లు తగిలితే జిగురు పుట్టి బిస్కెట్టు గట్టిపడుతుంది. ముందే వెన్న పట్టించిన పిండిలోకి నీళ్లు అంతగా దిగవు, జిగురు సాగదు. అందుకే నీళ్ల కంటే ముందు వెన్న కలపాలి, పిండిని చపాతీ ముద్దలా మర్దించకూడదు. ఇంట్లో చిలికిన వెన్న వాడితే అందులోని మజ్జిగ పూర్తిగా పిండేయాలి.

మైదా 100 గ్రాములు, బియ్యప్పిండి 25 గ్రాములు, చల్లని వెన్న 60 గ్రాములు, చీజ్ 100 గ్రాములు (25 గ్రాముల క్యూబులు నాలుగు), అర చెంచా కారం, అర చెంచా వాము తీసుకోవాలి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూడకుండా మళ్లీ వేయకూడదు. పిండిలో కారం, వాము కలిపి, వెన్నను వేళ్లతో నలిపి, చీజ్ తురుము చేర్చాలి. ముద్ద కావడానికి ఒకటి రెండు చెంచాల చల్లని పాలు చాలు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, అర సెంటీమీటరు మందాన వత్తి, పైన నువ్వులు అద్ది, వేలెడు ముక్కలుగా కోయాలి. బెజవాడ ఎండల్లో వెన్న చేతిలోనే కరిగిపోతుంది. వేసవిలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోవడం మేలు.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. లేకపోతే మందపాటి పాత గిన్నె అడుగున అంగుళం మందాన ఇసుకో రాళ్లుప్పో పరిచి, పైన స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు కాగనివ్వాలి. బిస్కెట్ల పళ్లేన్ని ఆ స్టాండు మీద ఉంచి, సన్నని సెగన పాతిక నిమిషాలు కాల్చాలి. కుక్కరు వాడితే గాస్కెట్టు, విజిల్ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. ఈ పద్ధతిలో పై సెగ ఉండదు కాబట్టి మధ్యలో ఒకసారి తిరగేయాలి. దిబ్బరొట్టెను కుంపటి మీద పెట్టి మూతపైనా నిప్పులు పోసిన పెద్దవాళ్లు ఈ ఇబ్బందిని ఏనాడో తీర్చుకున్నారు. కింద నిప్పు, పైన నిప్పు ఉన్న ఆ గిన్నె మన ఓవెనే.

పొయ్యి మీంచి దించగానే ఇవి మెత్తగా ఉంటాయి, ఆరాక గుల్లబారతాయి. మెత్తగా ఉన్నాయని ఇంకా కాలిస్తే చీజ్ మాడి చేదెక్కుతుంది. అంచులు బంగారు రంగుకు రాగానే తీసేయండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. జంతికల్లా నెల నిలవ ఉండవు, వారంలోపే తినేయాలి.