పెద్దమ్మ కోర్సు, నా టెట్టు

యాభయ్యేళ్ల వయసులో మళ్లీ పరీక్షకి చదువుతున్నాను. 1998 డీఎస్సీ రాసి సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరినదాన్ని. అప్పట్నుంచీ మండల పరిషత్ బళ్లలో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులకి పాఠాలు చెప్తూనే ఉన్నాను. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. విద్యాహక్కు చట్టం రాకముందు చేరిన మాలాంటివాళ్లలో ఐదేళ్లకి మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలోగా టీచర్ల అర్హత పరీక్ష, అదే టెట్, పాసవ్వాలంది. లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్లలోపే మిగిలినవాళ్లు అలాగే రిటైరు కావచ్చు, ప్రమోషన్ మాత్రం అడక్కూడదు.

మొదట కోపమొచ్చింది. ఆ తర్వాత, చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది గానీ, భయమేసింది. మాదగ్గర చదివేవాళ్లంతా పేదపిల్లలు. వాళ్లకి మంచి టీచర్లు కావాలనే మాటకి నేనెప్పుడూ అడ్డం చెప్పను. నా భయం వేరే. ఈ పరీక్షకి ఎప్పుడు చదవాలి? బడి నుంచి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. ఇంట్లో అత్తగారు మంచంలో ఉన్నారు. మావారు మంచివారే, “పాస్ మార్కులేగా, నువ్వు చదవకుండానే వస్తాయి” అంటారు. ఆ మాటలో మెచ్చుకోలుందో, వంట సంగతి చూడమనే గుర్తుచేయడం ఉందో ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా తేల్చుకోలేను.

ఇలాంటప్పుడే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

అమ్మకి అక్క ఆవిడ. పదమూడేళ్లకి పెళ్లి, పందొమ్మిదేళ్లకి చంకలో పిల్లతో పుట్టింటికి. పెద్దాయన ఇంకొకావిణ్ణి తెచ్చుకున్నాడు. ఆవిడ చదువు ఐదో తరగతి. 1963లో మా తాతయ్యకి తెలిసినాయన ఒకరు గుంటూరులో ఆడవాళ్లకి రెండేళ్ల కోర్సు ఉంది, హాస్టలిస్తారు, మెట్రిక్ కట్టిస్తారు అని చెప్తే, పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. మెట్రిక్ పాసయింది, ట్రైనింగైంది, ముప్ఫయ్యేళ్లకి పైగా ఎలిమెంటరీ బళ్లో పాఠాలు చెప్పింది. ఆ కోర్సు గురించి అడిగితే పాఠాల సంగతి ఎప్పుడూ చెప్పేది కాదు. “రెండేళ్లపాటు నన్నెవరూ అన్నం వండమని అడగలేదే” అనేది. చిన్నప్పుడు అది నాకు వేళాకోళంగా వినిపించేది.

ఆ కోర్సు ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలోంచి బయటికొచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక బెనారస్ మెట్రిక్‌కి సొంతంగా చదువుకుంది. తర్వాత మద్రాసులో తెలుగు ఆడపిల్లల్ని పోగేసి అదే పరీక్షకి చదివించింది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకి మూలం ఆ చదువే. ఇవాళ అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గదుల నిండా కూర్చుని డీఎస్సీకి చదివే అమ్మాయిలకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండును. మన ఆడవాళ్ల కోచింగ్ సెంటర్ల చరిత్రలో తొలి పేజీల్లో ఉండాల్సింది ఆ మద్రాసు ఇల్లు.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే. పెద్దవయసు ఆడవాళ్లకి కుదించిన చదువు, కండెన్స్‌డ్ కోర్సు, 1958లో ఆ బోర్డే మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఆవిడ అధ్యక్షతన స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేశారు, 1959లో నివేదిక వచ్చింది. పల్లెల్లో ఆడపిల్లలు బడికి రావాలంటే పంతులమ్మలు కావాలి. చదువుకున్న ఆడవాళ్లు పల్లెలకి రారు. కాబట్టి పల్లెల్లో ఉన్న ఒంటరి ఆడవాళ్లనే, ముఖ్యంగా వితంతువుల్నీ భర్తలొదిలేసినవాళ్లనీ, చదివించి టీచర్లని చేయాలి. దీనికి ఆడదాని మార్కులొక్కటే చూస్తే సరిపోదనీ, తిండి, వసతి, రెండేళ్ల తీరిక ముందివ్వాలనీ గ్రహించడమే ఆ కోర్సు గొప్పతనం. మా పెద్దమ్మ అన్న ‘అన్నం వండమని అడగని రెండేళ్లు’ ఒక ప్రభుత్వ పథకం!

అంతకుముందు సంస్కర్తలు కూడా టీచరు అనగానే వితంతువు వైపే చూశారు. 1866లో ఇండియాకి వచ్చిన మేరీ కార్పెంటర్ ఆడపిల్లల బళ్లలో మగ పంతుళ్లని చూసి, స్త్రీలకి నార్మల్ స్కూళ్లు పెట్టమని ప్రభుత్వం వెంటపడింది. 1912లో మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి ఇల్లు తీసుకుని చదివించింది బ్రాహ్మణ బాలవితంతువుల్నే. ఆవిడంటే నాకు గౌరవమే. కానీ మా బీసీ ఇళ్లలోంచి ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఆ అర్హత మార్కులకంటే ముందే, పుట్టుకతో తేలిపోయేది. ఇంకో సంగతి కూడా ఉంది. వితంతువు తీరికగా ఉంటుంది కాబట్టి ఆవిణ్ణి టీచరు చేయొచ్చన్నారు గానీ, కాపురం చేసుకునే ఆడదానికి తీరిక ఎవరిస్తారని అడిగినవాళ్లు తక్కువ. భర్త పోతేనో వదిలేస్తేనో తప్ప మనకి చదువుకునే వేళ దొరకదన్నమాట.

1882లో హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన పండిత రమాబాయి మాత్రం గట్టిగా అడిగింది. అప్పటికి ఆవిడకి ఇరవై నాలుగేళ్లు. స్త్రీలకి స్త్రీలే చెప్పాలి, వాళ్లకి మగ టీచర్లకన్నా ఎక్కువ జీతమివ్వాలి, ఉండటానికి చోటివ్వాలి అంది. ఎక్కువ జీతమన్న మాటని కమిషన్‌లోవాళ్లు ఎలా విన్నారో తల్చుకుంటే నవ్వొస్తుంది.

మా తరానికి కొంత తోవ తేలికైంది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల్లో స్త్రీలకి 30 శాతం ఇచ్చారు. దాన్ని కోర్టులో సవాలు చేస్తే 1995లో పి.బి. విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు స్త్రీ అంది. నా ఉద్యోగం వెనక ఇవన్నీ ఉన్నాయి. నా తెలివి ఒక్కటే కాదు.

టెట్ పుట్టుక వేరు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాక, ఆ ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఈ పరీక్ష పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో మొదటిసారి 2011 జులైలో జరిగింది. నూటయాభై బిట్లు, రెండున్నర గంటలు. ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకి 60 వస్తే పాసు. డీఎస్సీ మార్కుల్లో దీనికి 20 శాతం వెయిటేజి ఉంది కాబట్టి, పాసైనవాళ్లు కూడా స్కోరు పెంచుకోవడానికి మళ్లీమళ్లీ రాస్తారు. మొదట్లో సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. ఏడేళ్లంటే ఒక పెళ్లి, రెండు కాన్పులు. ఎంతమంది అమ్మాయిలు పిల్లల్ని ఎత్తుకుని మళ్లీ మొదటికొచ్చారో. 2021లో దాన్ని జీవితకాలం చేశారు.

నాకు బిట్ బ్యాంకు ఇచ్చింది అలాంటమ్మాయే. మూడో తరగతిలో నాదగ్గర ఎక్కాలు నేర్చుకుంది. డీఎడ్ చేసింది. టెట్ నాలుగుసార్లు రాసింది. 2018 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద డీఎస్సీ మళ్లీ 2025లోనే, 16,347 పోస్టులతో వచ్చింది. ఆ మధ్యలో ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఉద్యోగం కొద్దిలో పోయింది. “మేడం, సైకాలజీ మీకు తేలికే, ముప్ఫైకి పాతిక తెచ్చుకోవచ్చు. పర్యావరణం మాత్రం పాఠ్యపుస్తకంలో లైను లైనూ చదవాలి” అని నాకు చెప్తుంటే, నేను నోట్సు రాసుకుంటున్నాను. తెల్లవారుజామున మూడింటికి లేస్తుందట. ఐదున్నరకి పాలవాడొస్తాడు, ఆ తర్వాత పుస్తకం మూసెయ్యాలి.

ఆ పుస్తకంలో కోల్‌బర్గ్ నైతిక వికాసం ఉంది. మూడు స్థాయిలు, ఆరు దశలు. గుర్తుపెట్టుకోవడానికి పెన్సిలుతో ఏదో అక్షరాల గొలుసు రాసుకుంది. ఆయన మొదట పరీక్షించింది మగపిల్లల్నే, ఆ కొలతతో చూస్తే ఆడవాళ్లు తక్కువ దశలోనే ఆగినట్టు కనిపిస్తారని 1982లో కేరల్ గిలిగన్ రాసిందని చెప్పాను. ఆ బిట్ బ్యాంకులో గిలిగన్ పేరు లేదు. “అది బిట్‌గా వస్తుందా మేడం?” అని అడిగింది. రాదేమో అన్నాను. అయితే వద్దు అన్నట్టు పేజీ తిప్పింది. ఆమెని తప్పుపట్టలేను. ఆమె దగ్గరున్నవి రెండున్నర గంటలు.

కేంద్ర ప్రభుత్వ బళ్ల కోసం పెట్టే సీటెట్ సిలబస్‌లో జెండర్ అనేది సమాజం తయారుచేసిందేనన్న పాఠాంశం కూడా ఉంది. దాన్ని సంతోషించాల్సిందే. ఎన్నో పోరాటాల తర్వాత ఆ మాట ప్రభుత్వ సిలబస్‌లోకి వచ్చింది. కాకపోతే, దాన్ని ఆడవాళ్లు ఇల్లంతా పడుకున్నాక వంటింటి లైటు కింద చదువుకోవాలి.

పెద్దమ్మ కోర్సు నడిపిన బోర్డు ఇప్పుడు లేదు, 2022లో మూసేశారు. మాకిచ్చిన రెండేళ్లూ పెద్దమ్మకిచ్చిన రెండేళ్లూ లెక్కకి ఒకటే. మావాటిలో హాస్టలు లేదు, సెలవు లేదు, అత్తగారి మందుల వేళలున్నాయి. మా మండలంలో మగ టీచర్లు కొందరు ఆదివారాలు ఒకచోట కూడి చదువుతున్నారు. నన్నూ రమ్మన్నారు. ఆదివారం నాకెలా కుదురుతుందో వాళ్లకి తట్టలేదు.

పోయిన వారం మావారితో అన్నాను, పరీక్ష అయ్యేదాకా రాత్రి వంట నేను చేయనని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “మరి అమ్మకి జావ?” అన్నారు. జావ కాచడం కాగితం మీద రాసిచ్చాను. మొదటిరోజు అడుగంటింది. అత్తగారు ఏమీ అనకుండా తాగేశారు.

పర్యావరణం మూడో తరగతి పుస్తకం పూర్తయింది. నాలుగోది ఇవాళ మొదలెట్టాలి. మూడింటికి లేవగానే మిస్డ్ కాల్ ఇస్తానంది నా పాత విద్యార్థిని.