పీర్ల చావిడి నుంచి పెనుకొండ దాకా: సరిహద్దు సీమల్లో ఇస్లాం చరిత్ర



మన దేశానికి ఇస్లాం ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తూ ఉంటాయి. కత్తితో వచ్చిందని కొందరంటారు. ప్రేమతో వచ్చిందని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది, రెండూ సగమే. మనం ఉంటున్న సరిహద్దు సీమలు, అంటే బళ్ళారి, రాయచూరు, కోలారు, హోసూరు, షోలాపూరు, నాందేడు, బరంపురం, యానాం, ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చాలా అనువైన చోట్లు. ఎందుకంటే ఇక్కడ భాషలు కలిసినట్టే మతాలు కూడా కలిశాయి, ఒరుసుకున్నాయి కూడా.

ముందుగా సముద్రం సంగతి చూద్దాం. దక్షిణాదికి ఇస్లాంను తొలుత తెచ్చినవి సైన్యాలు కావు, ఓడలు. అరబ్బు వర్తకులు ఇస్లాం పుట్టకముందు నుంచే మన తీరాలకు వస్తూ పోతూ ఉండేవారు. వారి మతం మారింది, వర్తకం మాత్రం ఆగలేదు. మిరియాలు, ముత్యాలు, బట్టలు తీసుకుపోయేవారు, గుర్రాలు తెచ్చేవారు. 13వ శతాబ్దం చివర తమిళ తీరంలోని కాయల్ రేవును చూసిన మార్కోపోలో, హొర్ముజ్, ఏడెన్ వంటి చోట్ల నుంచి పాండ్య రాజులకు గుర్రాలు దిగుమతి కావడం గురించి రాశాడు. ఆ వర్తకులు ఇక్కడి స్త్రీలను పెళ్ళాడారు, ఇక్కడి భాషే మాట్లాడారు. తమిళనాట మరక్కాయర్ల పేరుకు మూలం ఓడను చెప్పే మరక్కలం అన్న మాటేనంటారు. రావుత్తర్ అన్న పేరు గుర్రపు స్వారీని చెబుతుంది. మన 'రౌతు' దానికి దగ్గరి చుట్టం.

రెండవ దారి ఫకీర్లది. తిరుచిరాపల్లిలో నత్తర్ వలీ దర్గా ఉంది. ఆయన శిష్యుడే మన పెనుకొండ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్. గురువు శిష్యుడి చేతికి ఒక ఎండుపుల్ల ఇచ్చి, రాత్రి విడిది చేసిన ప్రతిచోటా దీన్ని నాటు, ఎక్కడ చిగురిస్తే అదే నీ ఊరు అన్నాడట. ఆ పుల్ల పెనుకొండలో చిగురించిందని భక్తుల నమ్మకం. ఇది ఐతిహ్యమే కావచ్చు. కానీ దూరదేశం నుంచి వచ్చినవాడు ఈ మట్టిలో వేరు పట్టడమనే సంగతిని జనం ఎలా అర్థం చేసుకున్నారో ఇందులో ఉంది. దూది ఏకే దూదేకుల కుటుంబాలు ఎన్నో ఈ బాబయ్యను గురువుగా కొలుస్తాయి. రాయలసీమలో దూదేకుల అని, కన్నడ దేశంలో పింజారులని, నదాఫులని పిలిచే ఈ వృత్తివారిలో తెలుగే ఇంటి భాషగా గలవారు లెక్కకు మిక్కిలి.

గుల్బర్గాలో, అంటే నేటి కలబురగిలో, ఖ్వాజా బందే నవాజ్ సమాధి ఉంది. ఆయన ఢిల్లీ నుంచి దక్కనుకు వచ్చి 1422లో ఇక్కడే కన్నుమూశారు. తరువాతి కాలంలో బిజాపూరు ప్రాంతపు సూఫీలు దక్కనీ భాషలో చక్కీనామాలు, చర్ఖానామాలు రాశారు. చక్కీ అంటే తిరగలి, చర్ఖా అంటే రాట్నం. ఆడవాళ్ళు పిండి విసురుతూ, నూలు వడుకుతూ పాడుకునే పాటలు అవి. తిరగలి తిరిగినట్టే దేవుని పేరు మనసులో తిరగాలని చెప్పే ధోరణి. మన ఇళ్ళలో తిరగలి పాటలు, రోకటి పాటలు విన్నవారికి ఆ దారి కొత్తది కాదు. ఒక మతం పల్లెలోకి అడుగు పెట్టింది కోటగుమ్మం గుండా మాత్రమే కాదు, వంటిల్లు గుండా కూడానని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక మూడవ దారి రాజులది. ఇక్కడ రక్తం ఉంది, దాన్ని దాచనక్కరలేదు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. కాకతీయ రాజ్యం పోయింది, స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది. ఆ గాయాన్ని తెలుగు శాసనాలు గుర్తుపెట్టుకున్నాయి. 1347లో గుల్బర్గా రాజధానిగా బహమనీ రాజ్యం ఏర్పడింది. దానికీ విజయనగరానికీ రాయచూరు అంతర్వేది కోసం తరతరాల పోరు నడిచింది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన ఊళ్ళు ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్కలేదు.

అయితే ఆ యుద్ధాలను రెండు మతాల పోరుగా మాత్రమే చూస్తే చాలా సంగతులకు అర్థం దొరకదు. విజయనగర రాజులు తమను తాము 'హిందూరాయ సురత్రాణ' అని చెప్పుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. శత్రువు బిరుదును కూడా గౌరవంగా ధరించారన్నమాట. రెండవ దేవరాయల కొలువులో ముస్లిం సైనికులు ఉండేవారు. హంపీలో అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి 1439లో కట్టించిన కట్టడం ఇప్పటికీ ఉంది. అది మసీదు. శాసనంలో మాత్రం దాన్ని ధర్మశాల అన్నారు, తన ప్రభువైన దేవరాయలకు పుణ్యం కలగాలని కట్టించినట్టు చెప్పారు. ఆ సభకు వెళ్ళిన శ్రీనాథుడు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని వాపోయినట్టు చెప్పే చాటువు మీకు తెలిసిందే. ఆ కుళ్ళాయి పారశీకుల 'కులాహ్'. విజయనగరపు దొరలు కొలువుకు తొడుక్కున్న వేషంలోనే తురుష్క దేశపు పోకడ ఉంది.

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కథ ఇంకా విచిత్రం. యువకుడిగా అన్నకు భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయంలో దాదాపు ఏడేళ్ళు గడిపాడు. తెలుగు అక్కడే ఒంటబట్టింది. 1550లో గద్దెనెక్కాక తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్ ఖానుకు. ఇదే ఇబ్రహీం 1565లో ఇతర సుల్తానులతో కలిసి, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి యుద్ధానికి వెళ్ళాడు. రామరాయలు హతుడయ్యాడు, విజయనగరం పాడుపడింది. రాజకీయం అంటే అది. అన్నం పెట్టిన చేతికి మతమూ అడ్డురాలేదు, ఆ చేతిని నరకడానికి కృతజ్ఞతా అడ్డురాలేదు. బిజాపూరును 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండవ ఇబ్రహీం ఆదిల్ షా మాత్రం తన నౌరస్ గ్రంథంలో సరస్వతినీ గణపతినీ స్తుతించాడు. ప్రజలు ఆయనను జగద్గురువు అన్నారు.

రాజులు పోయారు. పల్లెల్లో మిగిలినవి ఏమిటి? మొదట పీర్ల పండుగ. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుసేన్ వీరమరణం పొందారు. ఆ శోకం మన ఊళ్ళలో పీర్ల చావిడి అయింది, నిప్పుల గుండం అయింది, బెల్లం బొరుగుల మొక్కుబడి అయింది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి దగ్గరికి కన్నడ సీమ నుంచి కూడా జనం వస్తారు. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్ళో సైతం పీర్లను ఎత్తే ఆచారం ఉంది. ఇక పేర్లు చూడండి. దస్తగిరి, మస్తానమ్మ, హుసేనప్ప, ఫకీరప్ప, కుళ్ళాయప్ప. ఈ పేర్లు గలవారు మసీదుకు వెళ్ళేవారో గుడికి వెళ్ళేవారో పేరును బట్టి చెప్పలేం. మాటలు కూడా అంతే. రైతు, జిల్లా, వసూలు, రసీదు, అర్జీ, వకీలు, జవాబు, కాగితం, అన్నీ అరబ్బీ పారశీకాల నుంచి వచ్చి మనవైపోయినవే. ఈ మాటలు తీసేస్తే మన రైతు పొలం తగాదాకు అర్జీ కూడా రాసుకోలేడు.

ఇలాంటివి ఒక్క తెలుగువారికే పరిమితం కాదు. బీదరు దగ్గర అష్టూరులో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ సమాధి ఉంది. అక్కడి ఉరుసుకు లింగాయతు జంగమయ్య ఊరేగింపుగా వచ్చే ఆచారం ఉంది. నాగూరు దర్గాకు తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప భూమి ఇచ్చినట్టు ఐతిహ్యం. ఆ నాయకులు మన తెలుగువారే. అక్కడి 5 మినారులలో ఎత్తయినదాన్ని, 131 అడుగులదాన్ని, కట్టించినవాడు మరాఠా రాజు ప్రతాపసింహుడు. పూరీలో జగన్నాథుని రథం బడదాండ మీద సాలబేగ్ సమాధి దగ్గర కాసేపు ఆగుతుంది. ఆ 17వ శతాబ్దపు భక్తకవి తండ్రి ముస్లిం. యానాం శ్రోతలకు దగ్గరలోనే ఉన్న పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవి ఉండేవారు. 1885లో పుట్టి 1945లో పోయిన ఆయన తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు.

ఇంత చెప్పి 1948 గురించి చెప్పకుండా ఆగితే అది చరిత్ర అనిపించుకోదు. హైదరాబాదు సంస్థానంలో రజాకార్ల దౌర్జన్యాలు పల్లెలను వణికించాయి. భైరాన్‌పల్లి వంటి ఊళ్ళ పేర్లు వింటే ఇప్పటికీ పెద్దల కళ్ళు చెమరుస్తాయి. ఆ ఏడాది సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య జరిగింది, నిజాం లొంగిపోయాడు. దాని వెంబడి ప్రతీకారం మొదలైంది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు ఎన్నో దానికి బలి అయ్యాయి. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్ బృందం ఊరూరా తిరిగి నివేదిక ఇచ్చింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా. అన్నింటికన్నా దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. అంటే మన సరిహద్దు జిల్లాలే. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గాని పరిశోధకుల చేతికి అందలేదు.

ఆ నివేదికలోనే మరో సంగతి ఉంది. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్ళు తోటి ముస్లిం నేతగాళ్ళకు అడ్డుగా నిలబడ్డారట. అలా కాపాడబోయి తమ ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారని రాశారు. పక్కపక్కన మగ్గం గుంటల్లో కూర్చుని పనిచేసినవారికి, ఒకే సావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకున్నవారికి ఒకరి కష్టం మరొకరికి తెలుసు. ఆ రోజున పనికి వచ్చింది సభల్లో చెప్పే ఐకమత్యం కాదు, ఆ ఎరుక. షోలాపూరు వంటి చోట్ల మగ్గాన్ని నమ్ముకుని బతికిన మన పద్మశాలీ కుటుంబాలకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉమ్మడి ఆచారాలు తగ్గుతున్నాయి. పీర్లు, మొక్కులు తమ మతానికి సరిపడవని భావించే ముస్లింలున్నారు. దర్గాకు వెళ్ళడం తగదనుకునే హిందువులున్నారు. ఎవరి నమ్మకం వారిది, అందులో తప్పు పట్టలేం. కానీ ఆచారం మానుకున్నా జ్ఞాపకాన్ని మానుకోనక్కరలేదు. మీ ఊరి పీర్ల చావిడి ఎవరు కట్టించారు, దాని మాన్యం ఎవరిచ్చారు, 1948లో మీ వీధిలో ఎవరు ఎవరిని దాచారు, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. తెలిసిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారి దగ్గర కూర్చుని అడగండి. వారు చెప్పింది తీపి అయినా చేదు అయినా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. రేపు ఎవరైనా వచ్చి మీ ఊరి చరిత్ర ఇదీ అని సగం కథ చెబితే, మిగతా సగం మీ దగ్గర ఉంటుంది.