శనివారం అమాస గ్రహణం

మంటల ఇంకో రెండు కట్టెలు పెట్టుండ్రి, చలి ఇగం పెడుతుంది. దయ్యాల కత చెప్పమంటరా? దయ్యాల ముచ్చట నాకు రాదు గని, దేవుండ్ల పేరు మీద భయపడ్డ ముచ్చట్లు మస్తుగున్నయి. అవ్వే చెప్త.

మా తల్లిగారిల్లు మక్తల్ దిక్కు. నా చిన్నప్పుడు ఊర్ల ఏం జరిగినా ఒకటే మాట, ఎల్లమ్మకు కోపమొచ్చింది, పోచమ్మకు కోపమొచ్చింది. వాన పడకున్నా అదే మాట, బర్రె సచ్చినా అదే మాట. ఎండలు ముదిరితె మాత్రం ఎవ్వరూ నోరు మెదపకపోతుండె. ఎందుకంటె తల్లి పోసేది అప్పుడే. ఇప్పుడు పిలగాండ్లకు వచ్చి పోయేటి చిన్నమ్మవారు కాదు, పెద్దమ్మవారు. మశూచి అంటరు సూడు, గది.

మా తమ్మునికి పోసింది. దర్వాజకు యాపమండలు కట్టిన్రు. ఇంట్ల పోపు పెట్టుడు బందు, తలదువ్వుకునుడు బందు. అన్నిటికంటె పెద్ద బందేందంటె, ఏడ్సుడు. ఏడిస్తె తల్లిని ఎల్లగొట్టినట్టయితదట. మా అమ్మ బర్ల కొట్టం ఎనకకు పోయి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంటె నేను సూసిన. తమ్ముడు దక్కలె. బైండ్లాయన జమిడిక పట్టుకొని శిగమూగుకుంట, మొక్కిన కోడిని ఇయ్యలేదు మీరు, అని చెప్పిండు. అది నిజమే, ఆ యేడు కోళ్లకు తెగులొచ్చి మా అమ్మ మొక్కును ఎనకకేసింది. ఆ కోడి బాకీని ఆమె సచ్చేదాక మోసింది. ముసల్దయి మంచంల వడ్డంక గూడ, కోడినిచ్చి ఉంటె పోరడు బతుకుతుండెనేమో అనేది.

ఇంకో ముచ్చట ఉంది, దాన్ని ఎవ్వరూ అనకపోతుండిరి. అంతకు కొన్నొద్దుల ముందే టీకాలేసేటోళ్లు ఊర్లకొచ్చిన్రు. టీకా ఏస్తె పోచమ్మ అలుగుతదని, మా అమ్మ మమ్ముల ఇద్దర్ని గుమ్మి ఎనక దాసిపెట్టింది. తమ్ముడు పోయినంక మా నాయిన ఒక్క మాట మాట్లాడకుంట నన్ను భుజాల మీదెక్కించుకొని మక్తల్ దవాఖానకు తీస్కపోయిండు. ఈ జబ్బ మీది గుండ్రటి మచ్చ గదే. 1975 మే ఎల్లినంక మన దేశంల ఆ రోగం ఒక్కరికి గూడ రాలె. 1980ల లోకంలనే లేదని చెప్పిన్రు. పోచమ్మ గుడి ఏడున్నదాడనే ఉంది, బోనాలు అయితనే ఉన్నయి. కోపం మాత్రం ఎటు వోయిందో!

నేను బర్ల కాడికి పోయినప్పుడు మాదిగ గేరి పిల్ల ఒకామె నాతోటిదే ఉండె. రాళ్ల మీద కూసోని ఓమన గుంటలాడుకునేటోళ్లం. ఆమె ఎన్నడూ ఓడిపోకపోయేది. వాళ్లింట్ల పిల్లలకు వరుసపెట్టి జబ్బులొచ్చినయి. ఊరి పెద్దమనుషులు కూసోని, ఎల్లమ్మ ఈ పిల్లను అడుగుతున్నది, ఇయ్యకుంటె ఊరికే అరిష్టం అన్నరు. పిల్ల ఈడుకు రాకముందే జోగిని చేసిన్రు. కొన్నేండ్లకు నేను తల్లిగారింటికి పోతె, ఊర్ల ఒక పెద్దాయన సచ్చిపోయిండు. పాడె ముందర డప్పు సప్పుడుకు ఆమె ఆడుతుంది. నన్ను సూసి నవ్వింది గూడ. నాకు నోట మాట రాలె.

అప్పట్నుంచి నాకొక లెక్క తెగలె. భయం ఊరంతటికీ ఒక్కటే గద? మా ఇంట్ల పోచమ్మ కోపమొస్తె ఒక కోడి అడిగింది. మాదిగ గేరిల ఎల్లమ్మ కోపమొస్తె ఆడపిల్లనే అడిగింది. మశూచి గడీలకు పోలేదా? పోయింది. పోతె ఆ గడీల ఆడపిల్లలు ఆ తల్లి కండ్లకు ఎందుకు కనవడలె? 1988ల జోగినీలను చెయ్యొద్దని చట్టం తెచ్చిన్రు. మంచిదే. ఆమెకు అప్పటికే నడుము వంగింది.

అయితె నా సొంత భయం పోయిన తీరు వేరే. అది 1980, ఫిబ్రవరి 16. శివరాత్రి ఎల్లిన అమాస, అదీ శనివారం, పైన సంపూర్ణ సూర్యగ్రహణం. నేను నాగర్‌కర్నూల్ దిక్కు మెట్టినింట్ల ఉన్న, మీ నాయిన కడుపుల ఉన్నడు. మా అత్త నన్ను అర్రల పండవెట్టి బయటి నుంచి గొళ్లెం పెట్టింది. చెయ్యి ముడవొద్దు, కాలు ముడవొద్దు, గోక్కోవద్దు, గుక్కెడు నీళ్లు తాగొద్దు. కదిలితె పిల్లగానికి గ్రహణం మొర్రి. నీళ్ల బిందెల గరిక, తొక్కు జాడి మీద గరిక. వాకిట్ల పళ్లెంల నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం ఇడిసినంక గని అది పడదట. నన్ను పస్తు పెట్టి తాను తిన్న మనిషి గాదు ఆమె. గడప కాడ కావలి కూసున్నది, ఆమె నోట్ల గూడ నీళ్ల సుక్క పడలె.

మా ఇంటి పైకప్పు గూనపెంకలు. ఒక పెంక పగిలి సందుంటె, ఆ సందులకెళ్లి ఎండ గోడ మీద రూపాయి బిళ్లంత పడుతుండె. రోజూ సూసేదే. ఆ పొద్దు రెండున్నర దాటినంక సూస్తున్న, ఆ బిళ్ల అంచు కొరికినట్టయింది. జరసేపటికి సగమయింది. ఆనెంక నెలవంక. సూర్యుణ్ని సూడొద్దని నన్ను అర్రల ఏస్తె, సూర్యుడే గోడ మీదికొచ్చి గ్రహణం సూపెడుతున్నడు. మూడుముప్పావుకు ఆ సన్నగీత గూడ పోయింది. బయట కోళ్లు గూటికెక్కుతున్న సప్పుడు, కుక్కలు మొరుగుడు, మా అత్త నారాయణ నారాయణ అనుడు. రెండు నిమిషాల పైన అట్లనే ఉండె. మళ్ల గోడ మీద వెలుగు, ఈసారి నెలవంక అటు దిక్కు తిరిగింది. నాకు నవ్వొచ్చింది. కడుపుల మీ నాయిన గూడ తన్నిండు. మోకాలు ముడుసుకొని పక్కకు ఒరిగి, మంచిగ గోక్కున్న.

తర్వాత తెలిసింది, అదే దినం మనకు దగ్గరున్న పాలెంల అమెరికా శాస్త్రవేత్తలు కెమెరాలు పెట్టుకొని కూసున్నరని. అక్కడ తీసిన ఫొటోలు ఇప్పటికీ సైన్స్ పుస్తకాలల్ల ఉన్నయట. ఇబ్రహీంపట్నం దిక్కు రంగాపూర్‌ల ఉస్మానియోళ్ల అబ్జర్వేటరీ కాడ గూడ అదే సందడట. లోకమంత సముద్రాలు దాటి మన పాలమూరుకు దాన్ని సూడనీకి వచ్చిన్రు. పాలమూరోళ్లం మనం తలుపులేసుకున్నం.

మీ నాయిన పుట్టంగనే మంత్రసాని బొడ్డు కొయ్యకముందే మా అత్త వేలు పెట్టి పెదివి తడిమి సూసింది. తడిమి, చేతులు జోడించింది. నా కావలి వల్లనే అన్నది. నేను గోక్కున్న ముచ్చట ఆమెకు ఎన్నడూ చెప్పలె. చెప్తె, ఇంటి కాడికి బైండ్లోళ్లను పిలిపిస్తుండె!

మొన్న 2020 జూన్ 21ల, కరోనా కాలంల, ఇంకో గ్రహణం వచ్చింది. మనకు సగమే కనవడ్డది. మీ చిన్నత్త అప్పుడు కడుపుతోని ఉంది. హైదరాబాద్‌ల కంప్యూటర్ కొలువు, తొమ్మిదో అంతస్తుల ఇల్లు. ఫోన్ చేసి, అమ్మా, పరదాలన్నీ ఏసుకున్న, కదలకుంట పండుకున్న, ఇంకేం చెయ్యాలె అని అడిగింది. ఏం లేదు బిడ్డా, ఆకలైతె అన్నం తిను అన్న. ఫోన్ పెట్టేసింది. జరసేపటికి వాళ్లత్త పళ్లెంల రోకలి నిలబెట్టిన ఫొటో పంపింది, సూడమ్మా ఎట్ల నిలబడ్డదో అని. రోకలి అడుగు సాపుగ ఉంటె ఏ పొద్దైనా నిలబడతది. తెల్లారి సోమవారం మన రోకలిని వాకిట్ల నిలబెట్టి, మీ అన్నతోని ఫొటో తీపిచ్చి పంపిన. దానికి ఇంకా జవాబు రాలె.