ఛానల్ మారిన షోలు, చేతులు మారిన హక్కులు

2021 ఆగస్టు 22న జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ మొదలుపెట్టే నాటికి ఆ ఆట తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. హాట్ సీటు, నాలుగు ఆప్షన్లు, లైఫ్‌లైన్లు, దడ పుట్టించే ఆ సంగీతం అన్నీ 2014 జూన్‌లోనే మా టీవీ ద్వారా నాగార్జునతో పాటు మన ఇళ్లలోకి వచ్చాయి. 2017లో ఆయన కుర్చీలో చిరంజీవి కూర్చున్నారు. నాలుగేళ్ల తర్వాత అదే ఆట, పేరులో మాటలు కాస్త అటూ ఇటూ చేసుకుని, పోటీ ఛానల్‌లో ప్రత్యక్షమైంది. ఎన్టీఆర్ కూడా అటునుంచి వచ్చినవారే. 2017లో స్టార్ మాగా మారిన అదే ఛానల్‌లో బిగ్ బాస్ తొలి సీజన్ నడిపింది ఆయనే. ఆట ఒక దారిన, ఆడించే మనిషి ఇంకో దారిన బయల్దేరి జెమినీలో కలుసుకున్నారు.

ప్రేక్షకుడికి ఇదంతా రిమోట్ మీద ఒక నంబరు తేడా. కానీ ఒక షో ఛానల్ మారిందంటే, అది అసలు ఎవరి సొత్తో ఆ రోజు బయటపడుతుంది. ఛానల్‌దా, నిర్మాతదా, ఎక్కడో విదేశంలో ఉన్న ఫార్మాట్ యజమానిదా, తెర మీద కనిపించే మనిషిదా? భారతీయ టెలివిజన్ చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో పుట్టిన దూరదర్శన్‌కి మూడు దశాబ్దాలు పోటీయే లేదు. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. వెళ్లడానికి రెండో చోటు లేనప్పుడు వలస మాటే రాదు. అయితే 1984లో ‘హమ్ లోగ్’తో స్పాన్సర్డ్ సీరియళ్ల కాలం మొదలయ్యాక, తర్వాతి కథకు బీజం అక్కడే పడింది. ప్రకటనకర్త అండతో నిర్మాత సీరియల్ తీసుకొచ్చేవాడు, దూరదర్శన్ సమయం ఇచ్చేది. 1987 జనవరి 25 నుంచి ఆదివారం ఉదయాలను కట్టిపడేసిన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ఆ ఏర్పాటులో వచ్చినదే. దేశమంతా దాన్ని దూరదర్శన్ రామాయణం అంది, ఇప్పటికీ అంటుంది. కానీ 2020 లాక్‌డౌన్‌లో దాన్ని మళ్లీ వేయాలనుకున్నప్పుడు ప్రసార భారతి హక్కుదారులతో మాట్లాడుకోవాల్సి వచ్చింది. మార్చి 28న పునఃప్రసారం మొదలైంది, వీక్షకుల లెక్కలు కోట్లు దాటాయి. మే నెలకల్లా అదే రామాయణం స్టార్ ప్లస్‌లో ఉంది. మూడు దశాబ్దాల పాటు ఒక ప్రభుత్వ ఛానల్ పేరుతో పెనవేసుకుపోయిన సీరియల్ ప్రైవేటు ఛానల్‌కి అంత తేలిగ్గా వెళ్లగలిగిందంటే, అందుకు కారణం 1980ల నాటి ఆ ఒప్పందాలే.

వార్తల్లో ఇంకా విచిత్రం జరిగింది. 1995లో డీడీ మెట్రోలో ఇరవై నిమిషాల బులెటిన్‌గా వచ్చిన ‘ఆజ్ తక్’, 2000 డిసెంబరు 31న తానే ఒక ఛానల్ అయి కూర్చుంది. 1993లో జీ టీవీలో రజత్ శర్మ మొదలుపెట్టిన ‘ఆప్ కీ అదాలత్’, స్టార్ గొడుగు కింద పేరు మార్చుకుని కొన్నాళ్లు నడిచి, చివరికి 2004లో ఆయన సొంత ఛానల్ ఇండియా టీవీకి చేరింది. బోను అదే, ప్రశ్నలు అడిగే మనిషీ అదే. మనిషే కార్యక్రమం అయినప్పుడు అతని వెంట పోకుండా అది ఎక్కడికి పోతుంది?

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగు తెర స్వరూపమే మారింది. దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ తీసిన మంజులా నాయుడు జెమినీకి ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీశారు. దక్షిణాదిలో జెమినీ భాగమైన సన్ గ్రూపు ఛానళ్లు స్లాట్ అమ్మే పద్ధతిని బాగా వాడాయి. నిర్మాత అరగంట కొనుక్కుంటాడు, ప్రకటనలు తనే అమ్ముకుంటాడు, నష్టం వస్తే తనే భరిస్తాడు. నిర్మాతకు నిద్ర పట్టనివ్వని పద్ధతి ఇది. అయినా నిర్మాతకు కాస్త నిలబడే చోటు మిగిల్చింది మాత్రం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ కాలం నుంచి ‘అమృతం’ని తీసుకోండి. గుణ్ణం గంగరాజు జస్ట్ ఎల్లో సంస్థ తరఫున తీసిన ఈ హాస్య ధారావాహిక 2001 నవంబరులో జెమినీలో మొదలై ఆరేళ్లు నడిచింది. అమృతం పాత్ర శివాజీ రాజా నుంచి నరేష్‌కి, ఆయన నుంచి హర్షవర్ధన్‌కి మారింది. అయినా జనం వదల్లేదు. ఎందుకంటే పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులుగా, శివన్నారాయణ అప్పాజీగా, వాసు ఇంటూరి సర్వంగా స్థిరంగా ఉన్నారు. ప్రసారం ఆగిపోయాక ఆ ఎపిసోడ్లు ఏ ఛానల్ బీరువాలోనో మూలబడలేదు. నిర్మాతలు వాటిని యూట్యూబ్‌లో పెట్టారు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ ముందు కూర్చున్న తరం ఒకటైతే, అమెరికాలో చదువుకుంటూ ఫోన్‌లో చూసి ప్రేమించిన తరం ఇంకొకటి. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. హనుమంతరావు 2018లో కన్నుమూయడంతో ఆంజనేయులు పాత్రను ఎల్.బి. శ్రీరామ్ చేశారు. జెమినీలో పుట్టి, యూట్యూబ్‌లో బతికి, జీ సంస్థ తెర మీద మళ్లీ చిగురించిన ఈ ప్రయాణం తెలుగులో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా సంతోషకరమైన వలస. చేసినవాళ్ల చేతిలో హక్కు ఉంటే పనికి ఎంత ఆయుష్షు వస్తుందో చూపించింది.

హిందీలో గాలి వేరే వైపు వీచింది. స్టార్ ప్లస్ వంటి పెద్ద ఛానళ్లు ఖర్చంతా తామే పెట్టి, నిర్మాతకు కొంత లాభం ఇచ్చి, హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నాయి. నిర్మాతకు భయం పోయింది, దాంతో పాటే ఆస్తీ పోయింది. ‘క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ’ని తీసింది ఏక్తా కపూర్ సంస్థే అయినా, 2008లో ఆగిన ఆ సీరియల్ 2025లో తిరిగి వచ్చింది కూడా స్టార్ ప్లస్‌లోనే. ఇలాంటి ఒప్పందంలో పుట్టిన సీరియల్‌కి గడప దాటడం ఉండదు.

గడప దాటించినవి ఫార్మాట్లు. 1998లో బ్రిటన్‌లోని ఐటీవీలో పుట్టిన ‘హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్’ను 2000 జూలై 3న ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా స్టార్ ప్లస్ తెచ్చింది. అమితాబ్ బచ్చన్ గొంతు, సిద్ధార్థ బసు బృందం నిర్మాణం, కోటి రూపాయల బహుమతి దేశాన్ని ఊపేశాయి. పోటీదార్లు ఊరుకోలేదు. జీ టీవీ అదే ఏడాది ‘సవాల్ దస్ కరోడ్ కా’ అంటూ పది రెట్ల మొత్తంతో వచ్చింది. డబ్బు పెరిగితే ఆకర్షణ పెరుగుతుందన్న లెక్క తప్పింది, ఆ షో నిలవలేదు. సోనీ కూడా గోవిందాతో ‘జీతో ఛప్పర్ ఫాడ్ కే’ ప్రయత్నించింది. అనుకరణతో కాని పని యాజమాన్యంతో అయింది. ‘మిలియనీర్’ ఫార్మాట్ హక్కులు 2006లో దాన్ని రూపొందించిన సెలడార్ నుంచి డచ్ సంస్థ 2వేట్రాఫిక్‌కు చేరాయి. 2008లో ఆ సంస్థనే సోనీ పిక్చర్స్ కొనేసింది. మధ్యలో 2007లో షారుఖ్ ఖాన్‌తో ఒక సీజన్ చేసిన స్టార్ చేతి నుంచి ఆట జారిపోయింది. 2010 అక్టోబరు 11న, బచ్చన్ పుట్టినరోజున, కేబీసీ సోనీలో మొదలైంది. మరుసటి సంవత్సరమే ఒక బీహారీ యువకుడు ఐదు కోట్లు గెలిచాడు. ఇవాళ కేబీసీ అనగానే సోనీయే గుర్తొస్తుంది, స్టార్ కాలం పాత ముచ్చట అయిపోయింది. మా నుంచి జెమినీకి తెలుగు ఆట చేసిన ప్రయాణం కూడా ఈ కోవలోదే. ఆ ఫార్మాట్‌ను ఛానళ్లు లైసెన్సు మీద వాడుకుంటాయే తప్ప అది వాటి సొంతం కాదు.

బిగ్ బాస్‌ది మరీ త్వరగా జరిగిన మార్పు. 2006లో అర్షద్ వార్సీతో తొలి సీజన్ వేసింది సోనీ. రెండో సీజన్‌కే, 2008లో, అప్పుడే పుట్టిన కలర్స్ దాన్ని అందుకుంది. ఆ సీజన్ నడిపిన శిల్పా శెట్టి అంతకు ముందు ఏడాదే ఈ ఆట బ్రిటిష్ రూపంలో, సెలబ్రిటీల సీజన్‌లో గెలిచి వచ్చారు. చేతికొచ్చిన షోను సోనీ ఒక్క సీజన్‌తో వదులుకుంది, కొత్త ఛానల్ దాన్నే పునాది చేసుకుంది. కన్నడంలో 2013లో ఈటీవీ కన్నడలో మొదలై, మరుసటి సీజన్‌కు సువర్ణకు వెళ్లి, ఆ పై సీజన్‌కు మళ్లీ పాత గూటికి వచ్చింది. అప్పటికి ఈటీవీ కన్నడ పేరు కలర్స్ కన్నడగా మారిపోయింది. ఇన్ని మార్పుల్లో చెక్కుచెదరనిది ఒక్క వ్యాఖ్యాత సుదీపే.

సుదీప్ దగ్గరే అసలు చిక్కు కనబడుతుంది. ఫార్మాట్ కాగితం మీద ఉంటుంది, జనం చూసేది మనిషిని. ఆ రెండూ విడిపోతే? 2016లో బ్రిటన్‌లో బేకింగ్ పోటీ ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ను నిర్మాతలు బీబీసీ నుంచి ఛానల్ 4కు తీసుకెళ్లినప్పుడు, మూడేళ్లకు ఏడున్నర కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. పోటీ జరిగే గుడారం వెళ్లింది, పేరు వెళ్లింది, న్యాయనిర్ణేత పాల్ హాలీవుడ్ వెళ్లారు. మేరీ బెర్రీ, యాంకర్లు మెల్, స్యూ మాత్రం రామన్నారు.

మన దగ్గర దీనికి తలకిందులైన కథ కపిల్ శర్మది. ‘కామెడీ నైట్స్ విత్ కపిల్’ 2013 జూన్‌లో కలర్స్‌లో మొదలైంది. అందులో గుత్థీ వేషంతో ఇంటింటికీ తెలిసిన సునీల్ గ్రోవర్ కొన్ని నెలలకే బయటికొచ్చి 2014లో స్టార్ ప్లస్‌లో వేరే షో పెట్టుకున్నారు. కానీ గుత్థీ తమదంది కలర్స్. ఆయన అక్కడ చుట్కీగా కనిపించాల్సి వచ్చింది. 2016 జనవరిలో కపిలే కలర్స్‌ను వీడారు, ఏప్రిల్ 23న సోనీలో ‘ద కపిల్ శర్మ షో’ తెరిచారు. పాత పేరు రాలేదు, పాత పాత్రలూ రాలేదు. దాదీగా నవ్వించిన అలీ అస్గర్ నానీ అయ్యారు. మనుషుల్లో చాలామంది వచ్చారు గనుక జనం కూడా వచ్చారు. 2024 మార్చి 30న ఆ బృందమే నెట్‌ఫ్లిక్స్ గడప తొక్కింది.

నన్ను కలచివేసేది గుత్థీ సంగతే. ఆ నడక, ఆ గొంతు, ఆ జడలు తిప్పే తీరు ఒక నటుడి ఒంట్లోంచి పుట్టినవి. చట్టం రచయితకు కొంత చేసింది. 2012 కాపీరైట్ సవరణ రచయితలకు, స్వరకర్తలకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ ప్రతి వారం కొత్తగా పాత్రను పుట్టించే హాస్య నటుడికి తన వేషం మీద చెప్పుకోదగ్గ పట్టు లేదు. అన్యాయమని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

షో, మనిషి విడిపోతే ఏమవుతుందో తెలుగులో హాస్య కార్యక్రమం ‘జబర్దస్త్’ ఇంకో విధంగా చెప్పింది. 2013 ఫిబ్రవరి నుంచి మల్లెమాల సంస్థ ఈటీవీకి చేస్తున్న ఆ షో నుంచి 2019 చివర్లో నాగబాబు, చమ్మక్ చంద్ర వంటివాళ్లు జీ తెలుగు ‘అదిరింది’కి వెళ్లారు. నవ్వు వెంట వెళ్లింది, అలవాటు మాత్రం ఈటీవీలోనే ఉండిపోయింది. గురు, శుక్రవారాల ఆ అలవాటు ముందు కొత్త షో ఎక్కువ కాలం నిలవలేకపోయింది. ‘పాడుతా తీయగా’ను ఈటీవీలో 1996 నుంచి నడిపిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మా టీవీలో ‘పాడాలని ఉంది’ కూడా చేశారు. ఎక్కడ కూర్చున్నా ఆయన పిల్లలకు పాట నేర్పే తీరు ఒకటే. అయినా జనం ఆయన పేరు పక్కన పెట్టుకున్నది ‘పాడుతా తీయగా’నే, అది 2020లో ఆయన పోయాక కొడుకు చరణ్ చేతికి వచ్చింది.

ఈ వలసలన్నిటికీ ఒక షరతు ఉంది. వెళ్లడానికి ఇంకో ఇంటివాడు ఉండాలి. 2010లో స్టార్ కాదంటే సోనీ ఉంది, 2016లో కలర్స్ కాదంటే సోనీ ఉంది. 2024 జనవరిలో జీ, సోనీల విలీనం బెడిసికొట్టింది గానీ, నవంబరులో స్టార్, వయాకామ్18 కలిసి జియోస్టార్ అయ్యాయి. హిందీ బిగ్ బాస్ ఉన్న కలర్స్‌కూ, తెలుగు బిగ్ బాస్ ఉన్న స్టార్ మాకూ ఇప్పుడు యజమాని ఒకరే. స్టార్‌తో పొసగని నిర్మాత కలర్స్ తలుపు తడితే తీసేది ఆ యజమానే. తెలుగులో స్టార్ మా, జీ తెలుగు, జెమినీ, ఈటీవీ ఇంకా నలుగురు వేర్వేరు యజమానుల చేతుల్లో ఉన్నాయి. హిందీలో సోనీలో వచ్చే ‘ఇండియన్ ఐడల్’ తెలుగులో 2022లో ఏ టీవీ ఛానల్‌కూ పోకుండా ఓటీటీ వేదిక ఆహాలో మొదలైంది. హైదరాబాద్‌లో ఇవాళ ఒప్పందం రాసుకుంటున్న నిర్మాతకు బేరమాడే తావు ఇంకా ఉంది. ఆ బేరంలో ఎపిసోడ్ రేటుతో పాటు పేరు, పాత్రలు, పాత ఎపిసోడ్లు ఎవరికి చెందాలో కూడా అడిగి రాయించుకోవాల్సింది ఇప్పుడే.