అరవాలా? ఆగాలా?

2024 జనవరి 28, ఆదివారం. ఉప్పల్ స్టేడియంలో ఇంగ్లండ్‌తో మొదటి టెస్టు, నాలుగో రోజు ఆట. నాన్నని ముందురోజు రాత్రే ఖమ్మం నుంచి రప్పించాను. ఇన్నేళ్ల క్రికెట్ పిచ్చిలో ఆయన స్టేడియంలో కూర్చుని టెస్టు చూడటం అదే మొదటిసారి. ఆలీ పోప్ ముందురోజు నుంచీ మనవాళ్లని స్వీపులతో, రివర్స్ స్వీపులతో ఉతికి ఆరేస్తున్నాడు. 196 దగ్గర బుమ్రా బంతిని వెనక్కి లేపబోయి బౌల్డయ్యాడు. నేను లేచి గొంతు చించుకుని అరిచాను. పక్కకి చూస్తే నాన్న కూర్చునే ఉన్నారు.

"ఏంటి నాన్నా, బౌల్డ్ కదా!" అన్నాను.

"ఉండరా, నోబాలేమో చూడాలిగా" అన్నారు.

మా నాన్న అలాంటి మనిషి కాదండీ. 1996 ప్రపంచ కప్పు, బెంగళూరు క్వార్టర్ ఫైనల్లో వెంకటేష్ ప్రసాద్ అమీర్ సోహైల్ వికెట్ లేపేసినప్పుడు ఆయన అరిచిన అరుపుకి, పక్కింటి మామ్మగారు దొంగలు పడ్డారనుకుని తలుపులేసుకుందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు (నేను అప్పటికి పుట్టలేదు). ఆ మనిషి ఇలా ఎప్పుడయ్యారా అని ఆలోచిస్తూ వెనక్కి వెళ్తే, కథ సచిన్ దగ్గర మొదలైంది. మన దేశంలో ఏ కథైనా అక్కడే మొదలవుతుంది కదా :)

1992 నవంబర్, డర్బన్. దక్షిణాఫ్రికాతో మొదటి టెస్టు. నిషేధం పోయాక ఆ దేశం సొంతగడ్డ మీద ఆడుతున్న మొట్టమొదటి టెస్టు అది. మనకది ఇంకో రకంగా కూడా మొదటిది. రనౌట్లకీ స్టంపింగులకీ టీవీ రీప్లే చూసి చెప్పడానికి పెవిలియన్లో ఒక అంపైర్ని కూర్చోబెట్టారు. ఈ ఆలోచన శ్రీలంకకి చెందిన క్రికెట్ రచయిత మహీంద విజేసింఘేది అంటారు. సచిన్ 11 పరుగుల మీద ఉండగా ముందుకొచ్చి, పరుగు లేదని తెలిసి వెనక్కి తిరిగాడు. బంతి జాంటీ రోడ్స్ చేతిలో పడింది. రోడ్స్ విసిరితే ఆండ్రూ హడ్సన్ బెయిల్స్ పడగొట్టాడు. స్క్వేర్ లెగ్‌లో ఉన్న అంపైర్ సిరిల్ మిచ్లీ తను తేల్చకుండా పైకి పంపాడు. మూడో అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్ రీప్లే చూసి ఔటన్నాడు. యంత్రం చూసి ఔటిచ్చిన మొట్టమొదటి బ్యాట్స్‌మన్ అలా మనవాడయ్యాడు. అంతకుముందు రోజుల్లో అయితే అనుమానం బ్యాట్స్‌మన్ ఖాతాలోకి వెళ్లేది, బతికిపోయేవాడేమో.

అసలు తమాషా తర్వాతి టెస్టులో, జొహానెస్‌బర్గ్‌లో. ఇప్పుడు రోడ్స్ బ్యాటింగ్. 28 పరుగుల దగ్గర రనౌట్ అప్పీలొచ్చింది. మనవాళ్లు టీవీ అడగమన్నారు. అంపైర్ స్టీవ్ బక్నర్ అక్కర్లేదన్నాడు, నాటౌట్ ఇచ్చేశాడు. రీప్లేలో చూస్తే శుభ్రంగా ఔట్. రోడ్స్ 91 కొట్టాడు. బక్నర్‌ది పొగరని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం గానీ, నా మటుకు నాకు ఆయన బాధ కొంచెం అర్థమవుతుంది. ఎన్నో ఏళ్లుగా కళ్లని నమ్ముకుని పని చేస్తున్న మనిషికి, "నీ కళ్లు చాలవు, పైనున్నాయన్ని అడుగు" అంటే ఎలా ఉంటుంది? మన కోడ్‌ని ఎవడో రివ్యూ చేస్తానంటేనే మనకి మండుతుంది.

సరే, అసలు విషయానికొస్తే... టెక్నాలజీ ఆటలోకి న్యాయం కోసం వచ్చిందని అందరూ అంటారు. నేనైతే ఒప్పుకోను. అది టీవీ కోసం వచ్చింది. న్యాయం తర్వాత దాని వెనకాల నడుచుకుంటూ వచ్చింది. 1977లో ఆస్ట్రేలియా ఛానల్ నైన్ యజమాని కెర్రీ ప్యాకర్, బోర్డు ప్రసార హక్కులివ్వలేదని ఏకంగా పోటీ క్రికెట్టే పెట్టుకున్నాడు. అంతవరకు ఒక వైపు నుంచే తీసేవాళ్లు, ఓవర్ మారినప్పుడల్లా జనానికి బ్యాట్స్‌మన్ వీపే కనిపించేది. ప్యాకర్ రెండు వైపులా కెమెరాలు పెట్టించాడు. తర్వాత రంగు బట్టలు, ఫ్లడ్‌లైట్లు, తెల్ల బంతి, స్టంపుల్లో మైకు, స్టంపుల్లో కెమెరా... ఒక్కటి కూడా అంపైర్ అడిగినది కాదు. అన్నీ సోఫాలో కూర్చున్నవాడి కోసం.

దాంతో ఏమైందంటే, మైదానంలో అంపైర్‌కి ఒక్క చూపు, అదీ కన్నార్పినంతసేపు. సోఫాలో వాడికి పది చూపులు, స్లో మోషన్లో. 2003 డిసెంబర్లో బ్రిస్బేన్‌లో ఇదే బక్నర్, గిలెస్పీ బౌలింగ్‌లో సచిన్‌కి ఎల్బీ ఇచ్చాడు, పరుగులేం చేయకుండానే. ఆ బంతి వికెట్ల మీంచి పోతుందని మా అమ్మమ్మ కూడా చెప్పగలదు, రీప్లే చూశాక. 2005లో ఈడెన్ గార్డెన్స్‌లో రజాక్ బంతికి కీపర్ క్యాచ్ అని మళ్లీ బక్నరే పంపించాడు. (రెండూ తప్పులేనని 2020లో ఆయనే ఒప్పుకున్నాడు.) 1950లలోనూ ఇలాంటి తప్పులు జరిగే ఉంటాయి కదా, కాకపోతే చూసినవాడు లేడు. తప్పు కొత్తది కాదు, దాన్ని పదిసార్లు చూపించడమే కొత్త.

ఈలోగా బొమ్మలు గీసే యంత్రాలు వచ్చేశాయి. 1999లో ఇంగ్లండ్‌లో ఛానల్ 4 స్నికోమీటర్ని తెర మీదకి తెచ్చింది. అలన్ ప్లాస్కెట్ తయారుచేసింది. స్టంప్ మైకు శబ్దాన్ని గీతగా వేసి, బొమ్మ పక్కన పెట్టి చూపించడం. 2001లో అదే ఛానల్ లార్డ్స్‌లో పాకిస్తాన్ టెస్టుకి హాక్-ఐ వాడింది. దాన్ని కనిపెట్టింది పాల్ హాకిన్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. మనలో చాలామందికి పని అర్థమై ఉంటుంది: చుట్టూ ఎత్తులో కెమెరాలు, ఒక్కో ఫ్రేములో బంతి ఎక్కడుందో పట్టుకోవడం, వేర్వేరు కోణాల నుంచి కలిపి మూడు కొలతల్లో చోటు లెక్కగట్టడం, ఆ చుక్కల మీదుగా దారి గీయడం. ప్యాడ్ తగిలేవరకు ఉన్నది కొలత. తగిలాక కనిపించేది ఊహ. ఎంత మంచి ఊహైనా, ఊహే. కానీ తెర మీద రెండూ ఒకే మందం, ఒకే నునుపు! ఎక్కడ కొలత ఆగి ఎక్కడ అంచనా మొదలైందో ఆ గీత చెప్పదు.

ఇక్కడ చిన్న సొంత గోల. మా ప్రాజెక్టులో సరుకు ఎప్పుడు చేరుతుందో చెప్పే స్క్రీన్ ఒకటి నేనే రాశాను. మోడల్ ఇచ్చేది "మూడు నుంచి ఆరు గంటలు" అని. చూపించింది "4:10" అని. రేంజ్ పెడితే కస్టమర్‌కి నమ్మకం కలగదన్నారు పైవాళ్లు. నేనూ గట్టిగా అడ్డం చెప్పలేదు. ఆ పదినిమిషాల లెక్క పట్టుకుని గిడ్డంగిలో ఎవరో ఒక డ్రైవర్ని నిలదీశారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి హాక్-ఐ గీత చూస్తే నాకు ఆ 4:10 గుర్తొస్తుంది.

2008 జనవరి సిడ్నీకి వద్దాం. నాకప్పుడు పదేళ్లు. సైమండ్స్ 30 దగ్గర ఇషాంత్ బంతికి కీపర్‌కి దొరికాడు. టక్‌మన్న చప్పుడు మా హాల్లో అందరికీ వినిపించింది, బక్నర్‌కి వినపడలేదు. సైమండ్స్ 162 నాటౌట్. చివరి రోజు ద్రావిడ్ ప్యాడ్‌కి తగిలిన బంతికి క్యాచ్ ఔటిచ్చారు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఓడిపోయాం. తర్వాతి పెర్త్ టెస్టు నుంచి బక్నర్ని తప్పించారు.

ఆ ఏడాది జూలైలోనే కొలంబోలో అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే పద్ధతి మొదటిసారి పెట్టి చూశారు. ఆడింది మళ్లీ మనమే, శ్రీలంకతో. ఆ సిరీస్‌లో శ్రీలంక అడిగినవి పదకొండు సార్లు నెగ్గాయి, మనవి ఒక్కసారి. అదే సిరీస్‌లో అజంతా మెండిస్ 26 వికెట్లు తీసి మనవాళ్ల బుర్ర తిప్పేశాడు, రెండు దెబ్బలూ ఒకేసారి. దాంతో మన బోర్డు ఆ యంత్రం మొహం చూడనంది. అంపైర్ల మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఏడ్చిన దేశం, అంపైర్ తప్పులు దిద్దే యంత్రాన్ని ఎనిమిదేళ్లు గుమ్మం బయటే నిలబెట్టింది. 2016 నవంబర్లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు రాజ్‌కోట్‌లో గానీ సొంతగడ్డ టెస్టుల్లోకి రానివ్వలేదు. అందరూ మొండితనం అన్నారు. కొంత మొండితనమే. కానీ "ప్యాడ్ తగిలాక బంతి ఎటు పోతుందో మీకెలా తెలుసు?" అన్న ప్రశ్న మాత్రం ఇంజనీరు అడగాల్సిన ప్రశ్న. అడిగింది బోర్డు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఐసీసీ టోర్నీల్లో మాత్రం తప్పలేదు. 2011 ప్రపంచ కప్పు, బెంగళూరులో ఇంగ్లండ్‌తో మ్యాచ్. యువరాజ్ బంతి ఇయాన్ బెల్ ప్యాడ్‌కి తగిలింది, నాటౌటన్నారు, ధోనీ రివ్యూ అడిగాడు. పెద్ద తెర మీద బంతి వికెట్లకి తగులుతున్నట్టు చూపించింది. బెల్ పెవిలియన్ వైపు నడక కూడా మొదలెట్టాడు. నాటౌటే! ఎందుకంటే ప్యాడ్ తగిలిన చోటు స్టంపులకి రెండున్నర మీటర్ల కంటే ఎక్కువ దూరం, అంత దూరానికి లెక్క నమ్మలేమని నిబంధన. కంప్యూటర్ తన మీద తనే నమ్మకం లేదని చెప్పిన అరుదైన సందర్భం. స్టేడియం గోలగోల. ఆ మ్యాచ్ 338 దగ్గర టై అయింది. ఇలాంటి ఒప్పుకోలుకి ఇప్పటి పేరు "అంపైర్స్ కాల్". బంతి వికెట్‌ని అంచులో తగులుతుందని లెక్క వస్తే మైదానంలో ఆయన చెప్పిందే ఖాయం. జనం దీన్ని తిట్టుకుంటారు, తగిలితే తగిలినట్టే కదా అని. నాకైతే మొత్తం వ్యవస్థలో నిజాయితీగా ఉన్న ముక్క అదొక్కటే అనిపిస్తుంది.

అదే నెలాఖర్లో కాదు, తర్వాతి నెలాఖర్లో, మార్చి 30న మొహాలీ సెమీస్. పాకిస్తాన్‌తో. సచిన్ 23. సయీద్ అజ్మల్ బంతి ప్యాడ్‌కి తగిలింది, అంపైర్ ఇయాన్ గౌల్డ్ వేలెత్తాడు. మా నాన్న తలకి చేయి పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. సచిన్ రివ్యూ అడిగాడు. బంతి లెగ్ స్టంపుని దాటి పోతోంది. నేను పరిగెత్తుకెళ్లి చెప్తే నమ్మలేదు, "వేలెత్తాడు కదరా" అంటారు. సచిన్ 85 కొట్టాడు, గెలిచాం. 1992లో యంత్రం చేతిలో మొదట ఔటైనవాడికి పద్దెనిమిదేళ్ల తర్వాత అదే యంత్రం బాకీ తీర్చింది. ఆరోజు నాన్న కూడా మాతో పాటు గంతులేశారు. బహుశా ఆరోజే ఆయనకి వేలెత్తినా ఆట అయిపోదని తెలిసింది. వేలెత్తినా అయిపోకపోతే, మరి అరవాల్సింది ఎప్పుడు?

లాభం లేదని అనను. స్పిన్నర్ల బంతికి కాలు ముందుకి చాపి ప్యాడ్‌తో ఆడేసే పాత దొంగాటకి డీఆర్ఎస్ కాళ్లు విరగ్గొట్టింది. ఘోరమైన తప్పులు తగ్గాయి. కానీ తప్పులు పూర్తిగా పోలేదు, చేతులు మారాయి. 2020 జూన్ 17న, కోవిడ్ తర్వాత ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మళ్లీ మొదలైన రోజు, ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతి పట్టుకుని గోల్ గీత దాటి లోపలికి వెళ్లిపోయాడు. ప్రపంచమంతా చూసింది. రిఫరీ చేతి గడియారం మోగలేదు, కాబట్టి షెఫీల్డ్ యునైటెడ్‌కి గోల్ లేదు. ఏడు కెమెరాలకీ ఆటగాళ్లూ గోల్‌పోస్టూ అడ్డొచ్చాయని, తొమ్మిది వేల పైచిలుకు మ్యాచుల్లో ఇలా ఎప్పుడూ కాలేదని హాక్-ఐ సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ ఎడ్జ్ కేసు ఖరీదు ఎంతో తెలుసా? మ్యాచ్ 0-0. సీజన్ చివర్లో విల్లా ఒకే ఒక్క పాయింటు తేడాతో లీగ్‌లో మిగిలింది, బోర్న్‌మత్ కిందకి పోయింది.

2022 జనవరి కేప్‌టౌన్ గుర్తుందా? అశ్విన్ బంతికి ఎల్గర్ ఎల్బీ. అంపైర్ ఎరాస్మస్ వేలెత్తాడు. రివ్యూలో బంతి వికెట్ల మీంచి పోతున్నట్టు గీత. అంపైరే బిత్తరపోయాడు. కోహ్లీ, అశ్విన్, రాహుల్ స్టంప్ మైకు దగ్గరికెళ్లి ప్రసార సంస్థని దెప్పారు. నాకు నవ్వొచ్చింది. 2008లో తిట్టడానికి మనిషున్నాడు, పేరుంది. 2022లో తిట్టడానికి మిగిలింది నేలలో పాతిన మైకు ఒక్కటే.

అన్నట్టు పాటకచేరీల సంగతీ ఇంతే. 1989లో అమెరికాలో మిల్లీ వనిల్లీ అనే జంట స్టేజీ మీద "పాడుతుంటే" టేపు ఇరుక్కుని ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగింది. మరుసటి ఏడాది అసలు పాడింది వాళ్లే కాదని తేలి గ్రామీ వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు మన పెళ్లిళ్లలో, ఆఫీసు ఫంక్షన్లలో గాయకుడు వెనకాల ట్రాక్ పెట్టుకుని పెదాలాడిస్తున్నాడని ముందు వరసకి తెలుసు, వెనక వరసకీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు. చాలామంది ఫోన్ ఎత్తి రికార్డు చేసుకుంటూ ఉంటారు, వెనకున్నవాడికి స్టేజీ బదులు యాభై చిన్న స్టేజీలు కనిపిస్తాయి.

ఉప్పల్లో ఆ సాయంత్రం హార్ట్‌లీ ఏడు వికెట్లు తీసి, 231 కొట్టలేక మనం 28 పరుగులతో ఓడిపోయాం. మెట్రోలో కాలు పెట్టే చోటు లేదు. ఎలాగో నాన్నకి సీటు దొరికింది. నా ఫోన్ అడిగి తీసుకున్నారు. కాసేపటికి వంగి చూస్తే పోప్ ఔటైన బంతే, మూడోసారో నాలుగోసారో తిప్పి చూస్తున్నారు.

"భలే పడిందిరా బంతి" అన్నారు.

"అక్కడ చూడలేదా నాన్నా? మన ఎదురుగానే కదా!"

"అక్కడ నేను తెర వైపు చూస్తున్నాను" అన్నారు, ఇంకోసారి నొక్కుతూ.